ఏ బట్ట మీద బిడ్డా, అని ముందు అడిగే దారాల షాపు

ఐదుకు ఐదు స్టార్లు. ఎందుకో రాస్తున్నా, కొంచెం పొడుగైంది, ఓపికుంటే చివరిదాకా చదవండి. పేరులో మొదటి అక్షరాన్ని పూలతో కుట్టాలనుకునేవాళ్లకు తప్పకుండా పనికొస్తుంది.

వరంగల్ జేపీఎన్ రోడ్డులో పెద్ద బట్టల షాపుల మధ్య నుంచి పక్క గల్లీలోకి తిరగాలి. బండి పెట్టుకునే జాగా లేదు. షాపు ఎంత చిన్నదంటే లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి గడప మీద ఆగాల్సిందే. మూడు గోడలకూ కింది నుంచి పైదాకా చెక్క అరలు, అరకో నంబరు, నంబరుకో రంగు. కౌంటర్ వెనక ఒక పెద్దాయన, ఆయన కోడలు ఉంటారు. ఒక మూలకు అద్దాల పాకెట్లు, గవ్వలు, ఊలు ఉండలు వేలాడుతుంటాయి. నేను పోయిన రెండుసార్లూ తండాల నుంచి వచ్చిన లంబాడీ ఆడవాళ్లు అద్దాలు ఏరుకుంటూ కనిపించారు. ఒక్కో అద్దాన్ని బొటనవేలితో చుట్టూ తడిమి, అంచు గరుకుగా ఉంటే పక్కన పెట్టేసి, నునుపుగా ఉన్నదే తీసుకుంటున్నారు. గరుకు అంచు దారాన్ని కోసేస్తుందట. ఆ ఏరుడు చూస్తే ఈ షాపుకు ఎలాంటివాళ్లు వస్తారో అర్థమైంది నాకు.

నా పని ఏంటంటే, మా అన్న బిడ్డకు మాఘమాసంలో పెళ్లి. పెళ్లయ్యాక పుణె వెళ్లిపోతుంది. "అత్తా, అక్కడ తంగేడు పువ్వు దొరుకుతదా?" అని ఒకరోజు అన్నం తింటూ తింటూ అడిగింది. నాకు ఆ మాట మనసులో ఉండిపోయింది. రెండు దిండు గలీబులు కుట్టి ఇద్దామనుకున్నా. ఒకదాని మీద పిల్ల పేరులో మొదటి అక్షరం ల, ఇంకోదాని మీద పిల్లగాని పేరులో మొదటి అక్షరం ర, రెండింటికీ బతుకమ్మలో పేర్చే పూలు. గలీబు ఒక మూలకు తొమ్మిది సెంటీమీటర్ల అక్షరం, అంతకంటే పెద్దది కాదు.

ఈ షాపుకు రాకముందే రెండుచోట్ల దెబ్బ తిన్నా. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే ఒకచోట అడిగితే శాంపిల్ కుట్టి ఇచ్చారు. పని చకచకా అయిపోయింది కానీ ర మీద తలకట్టు అక్షరానికి అంటకుండా పైన తేలుతోంది, ల ఏమో మధ్యలో మెలిక పూడుకుపోయి ముద్దలా ఉంది. పైగా వెనక గట్టి కాగితం లాంటిది వేసి కుట్టడంతో చేత్తో తడిమితే అట్టలా తగులుతోంది. చెంప ఆనించి పడుకునే దిండు మీద అదెట్లా పనికొస్తుంది? ఇక రెండోది, ఆన్‌లైన్‌లో వంద రంగుల దారాల డబ్బా తెప్పించుకున్నా. ఏ కట్ట మీదా కంపెనీ పేరు లేదు, నంబరు లేదు. అందులో మెరూన్ తీసి ల మొత్తం కుట్టేసి, పెన్సిల్ గీతలు పోవాలని నీళ్లలో పెడితే అక్షరం చుట్టూ గులాబీ రంగు దిగింది. పదకొండు రాత్రుల పని. ఉప్పు నీళ్లలో పెట్టి చూశా, సబ్బు పెట్టి చూశా, మరక ఇంకాస్త పరుచుకుంది. ఆ గలీబు ఇప్పటికీ బీరువాలో ఉంది, పారేయబుద్ధి కాలేదు.

అట్లా ఈ షాపుకు పోయా. పోగానే మెరూన్ ఇవ్వండి, ఎరుపు ఇవ్వండి, పసుపు ఇవ్వండి, ఆకుపచ్చ ఇవ్వండి అని గడగడా చెప్పేశా. పెద్దాయన అరల వైపు తిరగను కూడా తిరగలేదు.

"ఏ బట్ట మీద బిడ్డా?"

తెల్ల కాటన్ అన్నా.

"తెలుపుల ఎన్ని తెలుపులుంటయ్. పాల తెలుపా, నీలం పెట్టిన తెలుపా, కోర బట్ట తెలుపా? బట్ట తెచ్చినవా?"

తేలేదు. "బట్ట సూడకుండ దారం ఇస్తే రేపు నువ్వే నన్ను తిట్టుకుంటవ్. రేపు తీస్కరా, పొద్దుగాల రా, ఎండ ఉన్నప్పుడు" అన్నాడు. హనుమకొండ నుంచి ట్రాఫిక్‌లో పడి వచ్చిన నాకు ఆ నిమిషం కోపమే వచ్చింది. బస్సులో తిరిగి వస్తుంటే మాత్రం, చేతికొచ్చిన బేరాన్ని వదులుకుని పంపించాడంటే ఈయన మాట వినాల్సిందే అనిపించింది.

మర్నాడు పొద్దున బట్టతో పోయా. చేనేత కాటన్, గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసింది. అది మంచి పని చేశావన్నాడు. ఉతకకుండా కుట్టి తర్వాత ఉతికితే బట్ట కుంచించుకుపోయి కుట్టు చుట్టూ ముడతలు పడతాయి, ఆ ముడత ఎంత ఇస్త్రీ చేసినా పోదు. తర్వాత వరసగా అడిగాడు. వాషింగ్ మెషీన్‌లో వేస్తారా, చేత్తో ఉతుకుతారా? అక్షరం దిండుకు ఏ మూలన వస్తుంది, తల ఆనేచోటనా, పక్కకా? పిల్లకు ఏ రంగు ఇష్టమో ఆఖరుకు అడిగాడు.

దారం కట్టలు ఏడెనిమిది తీసి, బట్ట తీసుకుని నన్ను గడప బయటికి రమ్మన్నాడు. ఇదే ఈ షాపులో నాకు అన్నింటికంటే నచ్చిన సంగతి, వేరేచోట ఎవరూ దారాన్ని షాపు దాటనివ్వరు. లోపల ట్యూబ్‌లైట్ కింద నల్లగా కనిపించిన ఆకుపచ్చ బయట ఎండలో జామాకు ముదురు రంగులోకి వచ్చింది. లోపల బాగుందనుకున్న గులాబీ బయటికి రాగానే వెలిసిపోయినట్టుంది. ఇంకో సంగతి, కట్టగా చూసిన రంగు వేరు, కుట్టాక కనిపించే రంగు వేరు. అందుకని ఆయన ప్రతి కట్ట నుంచి ఒక్క పోగు కొస లాగి బట్ట మీద పరిచి చూపిస్తాడు. ఒంటి పోగు బట్ట మీద పడగానే రంగు ఒక మెట్టు లేతబడుతుంది, కింది తెలుపు దానిలో కలుస్తుంది కదా.

నేను అక్షరం ఎర్రగా ఉండాలని అనుకుని పోయా. పెళ్లి కదా, ఎరుపు ఉండాలి కదా అని. ఆయన ఎరుపు పోగును వంకరగా పెట్టి, దాని పక్కన తంగేడు పసుపు, బంతి నారింజ పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి చూడమన్నాడు. ఎరుపు, నారింజ, పసుపు మూడూ కలిసి మంట లాగా ఉంది, అక్షరం గీత ఎక్కడుందో కళ్లకు అందట్లేదు. "సూసినవా, బతుకమ్మల అక్షరం మునిగిపోయింది" అన్నాడు. అప్పుడు కోడలు ఒక ఉపాయం చెప్పింది, "అక్కా, ఫోన్ల ఫొటో తీసి రంగు తీసెయ్, తెలుస్తది." ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఎరుపూ, నేను ఆకులకు అనుకున్న మధ్యరకం ఆకుపచ్చా అచ్చం ఒకే బూడిద రంగులో పడ్డాయి. ముదురు ఆకుపచ్చ ఒక్కటే నిక్కచ్చిగా నల్లగా నిలబడింది, పసుపు తేలికగా వెనక్కి పోయింది. రంగు వేరైనంత మాత్రాన విడిగా కనిపించదు, ముదురు లేతల తేడా ఉంటేనే కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా కుడుతున్నా, ఈ పరీక్ష నాకు తట్టలేదు.

అయితే అక్షరానికి ముదురు ఆకుపచ్చ పెడితే ఆకులతో కలిసిపోదా అని అడిగా. దానికి పెద్దాయన చెప్పిన మాటతోనే నా డిజైన్ మొత్తం మారిపోయింది. "కలవనియ్. అక్షరమే కాడ అనుకో. కాడకు ఆకులు రావా, పూలు రావా?"

అంతే. అప్పటిదాకా నేను అక్షరం వేరు, దాని చుట్టూ అలంకారంగా పూలు వేరు అనుకుంటూ వచ్చా. అక్షరమే కాడ అనుకోగానే రంగుల లెక్క తేలిపోయింది. యాంకర్ కంపెనీ దారంలో 268 నంబరు ముదురు ఆకుపచ్చ అక్షరానికి, ఆకులకు అదే వరసలో లేతగా పోయే 267, 266. తంగేడుకు 302, 301. యాంకర్‌లో 300 నుంచి 303 దాకా పసుపు మెల్లగా ముదురుతూ నారింజ వైపు నడుస్తుంది, కాబట్టి వెతుక్కునే పని లేదు. డీఎంసీ అనే ఇంకో కంపెనీ దారం వాడేవాళ్లకు ఇవే ఆకుపచ్చలు 3345, 3346, 3347 నంబర్లకు దగ్గరగా ఉంటాయి. దగ్గరగా అంటున్నా, అచ్చం అవే కావు. అందుకే ఒక పువ్వు ఒక కంపెనీ దారంతో మొదలుపెడితే దానితోనే ముగించాలి. ఒకేదానిలో మూడు ఆకుపచ్చలు ఎందుకని అనుకోకండి. ఒక్క రంగుతో కుట్టిన ఆకులు దూరం నుంచి చూస్తే మరకలా ఉంటాయి. అట్లాగని పక్కపక్క ఛాయలు ఐదారు తీసుకుంటే కుట్టేవాళ్లకు తప్ప చూసేవాళ్లకు తేడా తెలియదు, డబ్బులు దండగ.

ఇప్పుడు కుట్టు సంగతి. దీని మీద నేను చాలా రోజులు తలపట్టుకున్నా. మోనోగ్రామ్, అంటే పేరులో మొదటి అక్షరం కుట్టడం అనగానే అందరూ చూపించేది ఇంగ్లిష్ అక్షరాలకు వేసే శాటిన్ కుట్టు, కింద మెత్తగా ఒక వరస వేసి దాని మీద అడ్డంగా దగ్గరదగ్గరగా దారం పరవడం. నిలువు గీతలు, అడ్డ గీతలు ఉండే అక్షరానికి అది బ్రహ్మాండంగా ఉంటుంది. మన అక్షరం అట్లా కాదు, తిరుగుతూనే ఉంటుంది. వంపులో శాటిన్ వేస్తే బయటి అంచున దారాలు విచ్చుకుని బట్ట కనిపిస్తుంది, లోపలి అంచున ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్ట అవుతుంది. ర లాంటి గుండ్రటి అక్షరానికి చుట్టంతా ఇదే గొడవ. దానికి తోడు గీత వెడల్పు ఎనిమిది, పది మిల్లీమీటర్లు ఉంటే అంత పొడుగు దారం పైన వదులుగా పరుచుకుని ఉంటుంది. కమ్మలకు చిక్కుకుంటుంది, గాజులకు చిక్కుకుంటుంది, రెండు ఉతుకులకే ఉచ్చులు లేస్తుంది.

కాడ కుట్టుతోనే మొత్తం నింపమని కోడలు చెప్పింది. అక్షరమే కాడ అన్నాక కాడ కుట్టే కదా సరైంది. రెండు పోగుల దారంతో బయటి అంచు ఒక వరస, దానికి ఆనుకుని లోపల ఇంకో వరస, అట్లా ఐదారు వరసలు. గీత నేరుగా ఉన్నచోట కుట్టు పొడుగు నాలుగు మిల్లీమీటర్లు, వంపు తిరిగేచోట రెండు. దారం ఎప్పుడూ సూదికి ఒకే పక్కన ఉండాలి, మొదట కుడి పక్కన ఉంటే చివరిదాకా కుడి పక్కనే. మధ్యలో ఒక్క కుట్టు అటుదిటు అయితే తాడు పేనినట్టు ఉన్న గీత అక్కడ తెగినట్టు కనిపిస్తుంది. నేను ర కింది వంపులో ఒకచోట పక్క మార్చేశా, రెండు వరసలు అయ్యాక గానీ కనిపించలేదు, విప్పేసి మళ్లీ కుట్టా. వరసలన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టాలి. పోతూ ఒకటి, వస్తూ ఒకటి కుడితే మెలి ఎదురెదురుగా పడి చాప అల్లినట్టు అవుతుంది.

తలకట్టు దగ్గర ఇంకో చిక్కు. అక్కడ గీత కిందికి దిగి చటుక్కున పైకి లేస్తుంది, కొడవలి మొన లాగా ఒక కోణం ఉంటుంది. కాడ కుట్టును ఆపకుండా తిప్పితే ఆ కోణం గుండ్రంగా అరిగిపోతుంది, తలకట్టు కాస్తా సున్నా ముక్కలా తయారవుతుంది. కోణం దాకా వచ్చాక దారాన్ని కిందికి దింపి, వెనక ఉన్న కుట్టు కిందినుంచి ఒకసారి దూర్చి, మళ్లీ అదే రంధ్రం పక్కనుంచి పైకి తీసి కొత్తగా మొదలుపెట్టాలి. అప్పుడు మొన మొనలాగే నిలుస్తుంది. తలకట్టు మొదట్లో సన్నగా, పోనుపోను లావుగా ఉంటే అందం. అందుకని అక్కడ ఒక్క వరసతో మొదలుపెట్టి మధ్యలో రెండోది, తర్వాత మూడోది కలిపా. ఆ తలకట్టు కొస నుంచే తంగేడు కొమ్మ పైకి లేచినట్టు గీసుకున్నా.

ర అట్లా కుదిరింది. ల కు తలకట్టు లేదు కదా! చిన్నప్పుడు పలక మీద దిద్దినప్పుడు తలకట్టు లేని అక్షరాలు అని జ, ట, ణ, బ, ల వల్లించిన గుర్తు, ఇన్నేళ్లకు అది దారం దగ్గర అడ్డం వచ్చింది. ర కు పైన పూలు, ల కు ఎక్కడ? రెండూ పక్కపక్క దిండ్ల మీద ఉంటాయి, జత అనిపించాలి. రెండు రోజులు కాగితం మీద గీసి చెరిపి గీసి చెరిపి చివరికి ల ముగిసే కొసను కొంచెం సాగదీసి తీగలా వదిలా, ఆ తీగకు తంగేడు. మధ్యలో మెలికను మాత్రం ఖాళీగా ఉంచా. అక్కడ ఒక చిన్న పువ్వు పెట్టాలని చెయ్యి దురద పెట్టింది కానీ పెడితే ల కాస్తా ఇంకేదో అక్షరం అయిపోతుంది. అక్షరం లోపలి ఖాళీ కూడా అక్షరమే, దాన్ని ముట్టుకోవద్దు.

పూల దగ్గరికి వస్తే, తంగేడు తేలికే. ఐదు రేకులు, కొంచెం ముడతలు పడ్డట్టు ఉంటాయి. ఫిష్‌బోన్ కుట్టు వేస్తే మధ్యలో ఈనె తీసినట్టు గీత పడుతుంది, రేకుకు అదే కావాలి. ఒంటి పోగుతో కుట్టా. మొదట్లో 302, కొసకు 301, మధ్యలో గోధుమ రంగుతో రెండు మూడు చిన్న ముడులు. ఆకులు జంటలు జంటలుగా ఉంటాయి కాబట్టి ఒక్కో ఆకుకు ఒక్క లేజీ డైజీ చాలు, అంటే దారాన్ని ఉచ్చులా వేసి కొసన చిన్న కుట్టుతో పట్టేది. బంతికి నేను బులియన్ ముడులు, అంటే సూదికి దారం చాలాసార్లు చుట్టి లాగే ముడులు వేద్దామనుకున్నా, పైకి ఉబ్బి అచ్చం బంతి రేకుల్లా ఉంటాయని. గోడకు తగిలించేదైతే వెయ్యి, దిండుకైతే వద్దని కోడలు ఆపింది. చెంపకు తగిలితే అచ్చు పడుతుంది, ఉతికితే పీక్కుపోతుంది. కాజా కుట్టును గుండ్రంగా చక్రంలా వేసి, బయటి చక్రం ముదురు నారింజ, లోపలి చక్రం లేత నారింజ, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేట్టు కుట్టమంది. చదునుగా ఉండి కూడా బంతిలాగే ఉంది.

గునుగు దగ్గరే అసలు పరీక్ష. గునుగు పువ్వు తెల్లగా వెండిలా మెరుస్తూ కొసన కొంచెం గులాబీ ఉంటుంది. తెల్ల బట్ట మీద తెల్ల పువ్వు కుడితే ఎవరికి కనిపిస్తుంది? ఊళ్లలో చేసినట్టు గునుగుకు రంగు అద్దినట్టు కుడదామా, గులాబీ రంగో నీలమో వాడదామా అని కూడా ఆలోచించా. కానీ నాకు చేను గట్టు మీది గునుగే కావాలి. ఈ సంగతి చెబితే పెద్దాయన తెలుపు ఇవ్వలేదు. పై అర నుంచి లేత బూడిద రంగు ఒకటి, మాసిన గులాబీ ఒకటి తీశాడు. "తెలుపుకు నీడ కుట్టు, తెలుపు అదే కనబడ్తది" అన్నాడు. ఇంటికి వచ్చి కుట్టా. కంకి ఒక పక్కన మాత్రమే బూడిద రంగుతో బియ్యపు గింజంత చిన్న చిన్న కుట్లు, కింది నుంచి పైకి కొంచెం వాలుగా, ఒకదాని సందులోంచి ఇంకోటి లేచినట్టు. రెండో పక్కన అసలు ఏమీ పెట్టలేదు, బట్టనే వదిలేశా. కొసన నాలుగు గులాబీ కుట్లు. కంకి అడుగున రెండు సన్నటి ఆకులు. బట్టను బిగించిన రింగు నుంచి తీసి దిండుకు తొడిగి గది అవతలి నుంచి చూస్తే, ఏ దారమూ లేని ఆ పక్కనే గునుగు తెల్లగా నిండుగా కనిపించింది. మా అన్న చూసి, గునుగు పువ్వు ఎంత బాగా కుట్టినవే అని ముట్టుకోబోయి, అక్కడ కుట్టే లేదని చూసి వేలు వెనక్కి తీసుకున్నాడు.

కట్ల పూలు కూడా పెట్టాలని ఉండె, పెట్టలేదు. మూడు రకాల పూలు, ఒక అక్షరం, అంతకు మించితే తొమ్మిది సెంటీమీటర్లలో ఊపిరాడదు.

ఎంత దారం కావాలో తెలియనివాళ్లకు ఒక లెక్క. ఈ కట్ట ఒక్కోటి ఎనిమిది మీటర్లు, ఆరు పోగులు కలిపి ఉంటుంది. రెండేసి పోగులుగా విడదీస్తే 24 మీటర్ల దారం అన్నమాట. నేను ఆకుపచ్చ మూడు కట్టలు ఇవ్వమంటే పెద్దాయన ఒక్కటే ఇచ్చి, రెండు అక్షరాలకూ ఇదే సరిపోతుంది పొమ్మన్నాడు. నిజంగానే రెండు అక్షరాలూ అయ్యాక ఇంకా మిగిలింది. దుప్పటి లాంటి పెద్ద పనైతే మాత్రం కావాల్సిందంతా ఒకేసారి కొనుక్కోమన్నాడు, ఇంకోసారి రంగు అద్దకంలో ఒకే నంబరైనా వెంట్రుకవాసి తేడా రావచ్చని. దారం తీసుకునేటప్పుడు మూరెడు కంటే పొడుగు తీసుకోవద్దు. పొడుగు దారం బట్టలోంచి ఎక్కువసార్లు దూరి నూగు లేస్తుంది, మెరుపు పోతుంది. ఈ కాటన్ దారానికి మెరుపు ఊరికే రాలేదు, నూలును సాగదీసి పట్టుకుని కాస్టిక్ సోడాలో నానబెట్టడం వల్ల వస్తుంది, మెర్సరైజ్డ్ అని కట్టల మీద ఉండేది అదే. పోగుల్ని ఒక్కొక్కటిగా లాగి, మళ్లీ పక్కపక్కన కలిపి సూదిలోకి ఎక్కిస్తే చదునుగా పరుచుకుంటాయి. ఆరింటిలోంచి రెండింటిని కలిపే లాగితే మెలి పడి కుట్టు సన్నగా, గరుకుగా వస్తుంది. చిన్న పనే, కానీ పూర్తయ్యాక తేడా ఇట్టే తెలుస్తుంది.

రంగు దిగుతుందేమోనని నాకు చాలా టెన్షన్ ఉండె, ముందు అయిన అనుభవం అట్లాంటిది మరి. అది చెబితే కోడలు నేను కొన్న ప్రతి కట్ట నుంచి వేలెడు ముక్క కత్తిరించి, తడిపిన తెల్ల గుడ్డలో చుట్టి, నా చేతికే ఇచ్చి గట్టిగా పిసికి చూసుకోమంది. ముదురు నారింజ, ముదురు ఆకుపచ్చ, మాసిన గులాబీ, ఏదీ అంటలేదు. ఇంట్లో కూడా ఇట్లా చూసుకోవచ్చు. ఎరుపు, మెరూన్, నలుపు, ముదురు నీలం కొన్నప్పుడు ఇది చేయకుండా సూది పట్టవద్దు. కుట్టడం అయ్యాక చల్లనీళ్లలోనే జాడించి, మెత్తటి తువ్వాల మీద కుట్టు కింది వైపుకు వచ్చేట్టు బోర్లించి వెనక నుంచి ఇస్త్రీ చేశా. పై నుంచి పెట్టె నొక్కితే కుట్లన్నీ అణిగిపోయి అచ్చు వేసినట్టు అవుతాయి.

షాపు గురించి ఇంకొన్ని. ధర కట్ట మీద ఉన్నదే తీసుకుంటారు. ఒక కట్ట అడిగినా పది కట్టలు అడిగినా ఒకే ఓపిక. మగ్గం వర్క్ సామాను కూడా ఉంది, జరీ, పూసలు, చెమ్కీలు, కానీ అది నేను వాడను కాబట్టి దాని గురించి రాయను. నేను ఉన్నప్పుడే ఒకాయన కొత్తవాడలో కొన్న జంపఖానా పట్టుకొచ్చి దాని మూలకు పేరు కుట్టాలి, దారం ఇవ్వండి అన్నాడు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అనే అధికారిక గుర్తింపు వచ్చింది కదా, బయటి ఊరివాళ్లకు కానుకగా ఇవ్వడానికి ఇప్పుడు చాలామంది కొంటున్నారు. దానికి ఈ సన్న దారం ఆనదని, నేతలోకి దిగిపోయి కనిపించదని చెప్పి, లావు ఊలు, పెద్ద బొడ్డు సూది ఇచ్చి పంపారు. అక్కడ కూడా మొదటి ప్రశ్న బట్ట గురించే.

ఇబ్బందులు కూడా చెప్పాలి. బూడిద రంగుల్లో ఛాయలు తక్కువ, నాకు కావాల్సినదాని కంటే ఒక మెట్టు ముదురే దొరికింది. చెక్క రింగులు ఉన్నాయి కానీ మర బిగించినా బట్ట జారుతోంది, లోపలి రింగుకు సన్న పాత గుడ్డపీలిక చుట్టుకుంటే సరిపోయింది. సూదులు కలగాపులగంగా ఒకే డబ్బాలో ఉంటాయి, ఒంటి పోగు, రెండు పోగుల పనికి సన్నది కావాలని, తొమ్మిదో నంబరు అని మీరే అడిగి చూసి తీసుకోవాలి. ఫోన్‌లో ఆర్డర్ ఇస్తానంటే ఒప్పుకోరు. ఆదివారం, పండగ ముందు రోజుల్లో పోతే మాట్లాడే తీరిక వాళ్లకూ ఉండదు, మీకూ నిలబడే చోటు దొరకదు.

గలీబులు రెండూ పూర్తయ్యాక తీసుకుపోయి చూపించా. పెద్దాయన ముందు వైపు ఒక్క చూపు చూసి, తిప్పి వెనక వైపు చాలాసేపు చూశాడు. ల మెలిక దగ్గర నేను ఒక వంపు నుంచి ఇంకో వంపుకు దారాన్ని వెనక నుంచి అడ్డంగా లాగిన చోటు వేలితో చూపించి, "ఇది పలచటి బట్ట బిడ్డా, ఎదురు వెలుతురుల ఈ దారం నీడ అవుపడ్తది, తెంపి మళ్ల మొదలుపెట్టాలె" అన్నాడు. గడప బయటికి పోయి ఎండకు ఎత్తి చూశా. నిజమే, మెలిక మధ్య ఖాళీలో సన్నటి గీత. అక్కడే మెట్టు మీద కూర్చుని ఆ దారం తెంపి, కొసలు వెనక కుట్ల కింద దూర్చేశా. కత్తెర, సూది కోడలు ఇచ్చింది.

పొద్దున పదిన్నర తర్వాత తెరుస్తారు, మధ్యాహ్నం భోజనానికి మూస్తారు. పన్నెండులోపు పోండి, గడప మీద ఎండ అప్పుడే బాగుంటుంది. బట్ట ముక్క మరిచిపోవద్దు, ఉతికిందే తీసుకుపోండి.